నాలుగో బల్ల పైని మేకు

మే 2, గురువారం

ఇది నాకోసం నేను రాయించుకుంటున్న పుస్తకం. ఇంకెవరికీ చూపించేది కాదు. నాకు అంకెలు వచ్చు గానీ అక్షరాలు రావు. కాబట్టి నోరు నాది, చేయి మా తోడికోడలిది, చెల్లీ అని పిలుస్తాను. బడిలో గుమాస్తాగా చేసి దిగిన మనిషి, తన చేతిరాత మీద మహా నమ్మకం. నలభై ఏళ్ళుగా ఒకే వంటగదిలో పోట్లాడుకుంటున్నాం, ఈ పుస్తకంతో ఇంకొంచెం పోట్లాడుకుంటాం. చెప్పింది చెప్పినట్టు రాయాలి, బాగుచేయకూడదు అన్నాను.

"తిట్లు కూడానా అక్కా?"

"తిట్లు ముందు రాయి."

సంగతి ఇది. నిన్న నన్ను పనిలోంచి ఆపేశారు. ఆ లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇస్త్రీ చేశాను. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి గలేబులు, రోజుకు నూట ఇరవైకి తక్కువ ఎప్పుడూ చేయలేదు. ఇప్పుడు నేను దొంగనట. వేడి కొలిచే థర్మామీటరు దొంగిలించానట. మరి ఆ దొంగసొత్తు ఎక్కడ దొరికింది? అదే లాండ్రీలో, అది ముందున్న చోటికి ముప్పై అడుగుల దూరంలో, ఇస్త్రీ హాల్లో నాలుగో బల్ల పైన మేకుకి వేలాడుతూ, పదమూడు మంది ఆడవాళ్ళ కళ్ళ ముందు. ఇంత తెలివితక్కువ దొంగను ముప్పై ఒక్క ఏళ్ళు ఎందుకు పెట్టుకున్నారో వాళ్ళనే అడగాలి.

హాల్లో వేడి నలభై దాటితే గంటకు పది నిమిషాలు ఇస్త్రీ పెట్టెలు దించి బయటికి పోవచ్చని రూలు ఉంది. కిందటేడు పిచ్చుక పోయాక పెట్టారు. రూలు హాలుకి, థర్మామీటరు మాత్రం మేనేజరు గది బయట వరండాలో. ఆ గది తలుపు తెరిచినప్పుడల్లా లోపలి చల్లగాలి నేరుగా దాని మీద పడుతుంది. ఎప్పుడు చూసినా ముప్పై ఒకటే. ఏడాదిలో పది నిమిషాల సెలవు ఒక్కసారి కూడా రాలేదు. నేను దాన్ని తెచ్చి హాల్లో పెట్టాను. నలభై ఆరు చూపించింది.

ఎందుకు ఆ రోజే పెట్టానని అడుగుతోంది చెల్లి. అలా అనిపించింది, పెట్టాను.

పిచ్చుక అంటే నా పక్క బల్ల మనిషి. ఇరవై రెండేళ్ళు నాలుగో బల్ల దగ్గర నిలబడింది. చేతులు సన్నగా ఉండేవి, నోరు మాత్రం ఆగేది కాదు, అందుకే ఆ పేరు. అక్కడే పడిపోయింది, లేవలేదు. ఆ రోజు తను నాతో ఏమీ అనలేదు. అది కూడా రాయి.

విచారణ పద్దెనిమిదో తారీఖున.

మే 3, శుక్రవారం

కొవ్వొత్తి సంగతి చెప్పాలి. ఇస్త్రీ చేసే ప్రతి మనిషి దగ్గరా ఒక కొవ్వొత్తి ముక్క ఉంటుంది. పాత గుడ్డలో చుట్టి, కాలుతున్న పెట్టె అడుగున ఒకసారి రుద్దితే నున్నగా జారుతుంది, గుడ్డకు అంటుకోదు. పని లేనప్పుడు దాన్ని బల్ల చివర నిలబెడతాం. నేను చేరిన కొత్తలో ఏడాదికి రెండు మూడు రోజులు, ఎండలు మండిపోయినప్పుడు, అది మెడ వంచేది. "అదిగో, దండం పెట్టింది" అని నవ్వుకుంటూ బయటికి పోయి మొహాలు కడుక్కొచ్చేవాళ్ళం. పాత మేనేజరు ఏమీ అనేవాడు కాదు.

ఇప్పుడు ఎండాకాలం మొదలవకముందే వంగుతోంది. సాయంత్రం నిటారుగా చేసి పెట్టి వస్తే, మర్నాడు పదకొండుకల్లా పడుకుంటోంది.

ఈ మాట మేనేజరుతో అంటే, "ఈ మధ్య కొవ్వొత్తులన్నీ కల్తీవే పెద్దమ్మా" అన్నాడు. పక్కింటాయనతో అంటే, "ఎండాకాలం ఎండ కాయక మంచు కురుస్తుందా?" అన్నాడు. మా వాడితో అంటే, "అవునమ్మా, టీవీలో చెప్పారు, ఇంకో యాభై ఏళ్ళకు బతకడం కష్టమట" అన్నాడు. యాభై ఏళ్ళట! అదేదో బస్సు వస్తున్నట్టు, ఇంకా మలుపు దగ్గరే ఉన్నట్టు మాట్లాడతారు అందరూ. మా హాల్లో అది ఎప్పుడో వచ్చి ఆగింది. సామాను కూడా దించుకుంది.

మే 4, శనివారం

చేతులకు పని లేక ఇంట్లో గుడ్డలన్నీ ఇస్త్రీ చేశాను. మసిగుడ్డకు మడత పెట్టిన మనిషిని తనెక్కడా చూడలేదని చెల్లి అంటోంది. చూసింది కదా ఇప్పుడు.

మే 6, సోమవారం

పోయిన నెల ఒక రోజు. చెప్పడం మరిచిపోయాను.

ఎవరో నడక పెట్టుకున్నారు, జనాన్ని మేలుకొలిపే నడక. దానికి మూడు వందల చొక్కాలు ఇస్త్రీకి వచ్చాయి, అన్నీ ఆకుపచ్చవి, రొమ్ము మీద అక్షరాలు. పిచ్చుక కూతురు నాలుగో బల్ల దగ్గరే పనిచేస్తోంది ఇప్పుడు, రెండు నెలలైంది. ముప్పై దాటిన పిల్ల, చదువుకుంది. ఏం రాసుంది అని అడిగాను.

"భూమి వేడెక్కుతోంది, మేలుకోండి అని ఉంది పెద్దమ్మా."

"మేము మేలుకునే ఉన్నాం గానీ, ముందు ఆ కిటికీ తీయమను."

హాలంతా నవ్వింది. కిటికీలు తీయరు. దుమ్ము పడి తెల్ల దుప్పట్లు మాస్తాయని మేకులు కొట్టేశారు. ఫ్యాను వేయరు, గాలికి గుడ్డల తడి ఇస్త్రీకి ముందే ఆరిపోతుందని. అలా మూసిన హాల్లో, చెమట చుక్క పడకుండా మోచేత్తో నుదురు తుడుచుకుంటూ, భూమి వేడెక్కుతోందన్న అక్షరాల మీద మూడు వందల సార్లు పెట్టె నడిపాం. అక్షరాల మీద నేరుగా పెట్టకూడదు, రంగు కరుగుతుంది. చొక్కా తిరగేసి చేయాలి. అది కూడా వాళ్ళకు మేమే చెప్పాలి.

ఒకసారి గలేబులో చిన్న అట్టముక్క దొరికింది. హోటలు వాళ్ళది. "ఈ తువ్వాలును మళ్ళీ వాడండి, భూమిని కాపాడండి" అని చదివింది ఆ పిల్ల. చాలా మంచి మాట. అతిథి అదే తువ్వాలు వాడుకున్నాడు, హోటలు నీళ్ళు మిగుల్చుకుంది, భూమి బాగుపడింది. అందరూ బాగున్నారు. పిచ్చుక ఒక్కతే లేదు.

మే 7, మంగళవారం

మా వాడు అదే లాండ్రీలో వ్యాను నడుపుతాడు. ఇవాళ ఒక కాగితం తెచ్చాడు.

"అమ్మా, దీని మీద వేలిముద్ర వేస్తే విచారణ ఉండదు. సోమవారం నుంచి పనిలోకి రావచ్చు."

"ఏముంది అందులో?"

చెల్లి చదివింది. వేడి ఎక్కువ చూపించాలని నేను కావాలనే థర్మామీటరును బాయిలర్ గోడ పక్కన పెట్టానట. తప్పయిందట. క్షమించాలట.

"బాయిలర్ గోడ పక్కనే కదమ్మా పెట్టావు" అన్నాడు మా వాడు. "నాలుగో బల్ల ఉన్నది అక్కడే కదా."

"అవును."

"మరి అబద్ధం ఏముంది ఇందులో?"

నేను కాగితం తీసి గడియారం కింద పెట్టాను.

"నా వ్యాను కూడా మేనేజరు చేతిలోనే ఉందమ్మా. వాతావరణం మారిపోయింది, ప్రపంచమంతా ఇంతే, నా ఒక్కడి చేతిలో ఏముంది అంటున్నాడు ఆయన. అదీ నిజమే కదా!"

"ప్రపంచం సంగతి ఆయన్ను అడగలేదురా. ఒక్క మేకు సంగతి అడిగాను. మేకు ఆయన చేతిలోనే ఉంది."

వాడు అన్నం తినకుండా వెళ్ళాడు.

కిందటేడు పిచ్చుక పోయినప్పుడు కూడా ఇలాగే ఒక కాగితం తెచ్చారు. అందులో ఏముందో నాకెవరూ చదివి వినిపించలేదు. వేలు పట్టుకుని వేయించుకున్నారు.

మే 9, గురువారం

కాగితం మీద వేలు పెట్టలేదు. చింపనూ లేదు. గడియారం కింద ఉంది.

మే 11, శనివారం

పిచ్చుక కూతురు వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కుండలో నీళ్ళు ఇస్తే నిలబడే తాగింది, రెండు చెంబులు.

"నువ్వు పెట్టిన థర్మామీటరు తీసుకెళ్ళి మళ్ళీ వరండాలో పెట్టారు పెద్దమ్మా."

"పెడతారు."

"నువ్వు నాకోసం ఎందుకు ఇరుక్కున్నావు? అమ్మ ఎండకు పోలేదు కదా. పొద్దున తినకుండా వెళ్ళింది, పైగా నీరసం. కాగితంలో నువ్వే చెప్పావు." చెంబు కింద పెట్టింది. "ఆ రోజు నేను వండలేదు పెద్దమ్మా. ఒంట్లో బాలేదని పడుకున్నాను. అమ్మ, పోనీలే, అక్కడ తింటానులే అని వెళ్ళింది. రోజూ పొద్దున పొయ్యి వెలిగించినప్పుడల్లా అదే గుర్తొస్తుంది నాకు."

నేను ఇంకో చెంబు నీళ్ళు ఇచ్చాను.

అంతే చేశాను. నీళ్ళు ఇచ్చాను.

మే 12, ఆదివారం

నిన్నటి సంగతే మళ్ళీ.

పిచ్చుక ఆ రోజు తింది. నా డబ్బాలో తింది. చెల్లి చేసిన రొట్టెలు. రెండు తిని మూడోది కూడా అడిగింది. "మీ తోడికోడలు నిన్ను తిడుతూ చేసినా చేయి మాత్రం మంచిది" అంది. ఈ మాట రాస్తూ చెల్లి పెన్ను ఆపింది. రాయి, ఆగకు.

తను తినలేదని కాగితంలో రాశారు. పాత జబ్బు ఉందని కూడా రాశారు. కింద నా వేలిముద్ర.

"ఎవరూ చదివి వినిపించలేదని మొన్న రాయించావు కదా అక్కా?"

వినిపించారు. మేనేజరే చదివాడు, నిదానంగా, రెండుసార్లు. వేలు ఎవరూ పట్టుకోలేదు. నేనే సిరాలో ముంచాను. పనిలో ఉండాలంటే వేయాలని ఆయన అనలేదు. అనక్కర్లేదు కదా, నాకు తెలుసు.

"మొన్నటిది కొట్టేయనా?"

"వద్దు. అదీ ఉండనీ. ఇదీ ఉండనీ."

మే 15, బుధవారం

మధ్యాహ్నం దొడ్లో కూర్చుండిపోయాను. పడలేదు. పిన్నీసు పడితే వెతుకుతున్నాను. చెల్లి కేకలు పెట్టి వీధినంతా పిలిచింది. పిన్నీసు దొరికిందా అని అడుగుతోంది ఇప్పుడు. నాకు పిన్నీసులు లేవని ఆవిడకు తెలుసు.

మే 16, గురువారం

ఇంకొకటి ఉంది. చెల్లీ, మధ్యలో ఏమీ అడక్కు.

పిచ్చుక ఆ రోజు నాతో అంది. "అక్కా, కళ్ళు తిరుగుతున్నాయి" అంది. ఒంటి గంట దాటింది. కొవ్వొత్తి బల్ల మీద బోర్లా పడుకుని ఉంది, చూశాను. చూసి కూడా ఏమన్నానో తెలుసా? "మా రోజుల్లో ఎండలు లేవా? మేము నిలబడలేదా? నీకు ఎప్పుడూ వంకలే. ఇంకో ఇరవై దుప్పట్లు కానీ, అప్పుడు కూర్చో" అన్నాను.

పద్నాలుగు చేసింది.

పక్కింటాయన్ను తిట్టాను, మేనేజరును తిట్టాను, టీవీ చూసే కొడుకును తిట్టాను. వాళ్ళు అన్న మాటే వాళ్ళకన్నా ముందు నేను అన్నాను. ముప్పై ఏళ్ళు నా కొవ్వొత్తి నా కళ్ళ ముందే వంగుతుంటే, రోజూ సాయంత్రం దాన్ని నేనే నిటారుగా చేసి పెట్టాను.

మొన్న ఆఖరి రోజున, అదే బల్ల దగ్గర, కూతురు అంది. "పెద్దమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి." అవే మాటలు. గొంతు కూడా తల్లిదే.

నేను పెట్టె దించి, వరండాలోకి పోయి, థర్మామీటరు పీక్కొచ్చాను. అందుకే ఆ రోజు.

చెల్లి ఏడుస్తోంది. కాగితం తడపకు అన్నాను.

మే 18, శనివారం

మొత్తం చెబుతాను. ఎంత పొడుగైనా రాయి.

విచారణ మేనేజరు గదిలో పెట్టారు. పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, కళ్ళజోడు, కోటు, మర్యాదస్తుడు. గదిలో చలికి నాకు మోకాళ్ళు పట్టేశాయి. మేనేజరు తన మాట చెప్పాడు. తర్వాత పై ఆఫీసాయన నా వైపు తిరిగి, "చెప్పండమ్మా, థర్మామీటరు ఎందుకు తీశారు?" అన్నాడు.

"ఇక్కడ చెప్పను సార్. అది దొరికిన చోట అడగండి."

"అంటే?"

"దొంగతనం జరిగిన చోటు చూడకుండా విచారణ ఏమిటి సార్? హాల్లోకి రండి. పది నిమిషాల పని."

మేనేజరు నవ్వాడు. "పెద్దమ్మకు మొదటి నుంచీ నోరెక్కువ సార్."

"నోరు ఒక్కటే కదా బాబూ నాది, మిగతాదంతా మీ దగ్గరే ఉంది" అన్నాను.

పై ఆఫీసాయనకు నవ్వొచ్చింది. లేచాడు. పక్కన రాసుకునే గుమాస్తా కూడా లేచాడు. దారిలో థర్మామీటరు తీసుకురమ్మని ఆయనే చెప్పాడు. అప్పటికి ఒంటి గంటయింది.

హాల్లో పదమూడు పెట్టెలూ నడుస్తున్నాయి. నా బల్ల దగ్గర ఎవరో కొత్తావిడ. నాలుగో బల్ల దగ్గర పిచ్చుక కూతురు తల ఎత్తకుండా చేస్తోంది. థర్మామీటరును మళ్ళీ ఆ మేకుకే తగిలించాను. "ఇప్పుడు అడగండి" అన్నాను.

"బాయిలర్ గోడ పక్కనే ఎందుకు పెట్టారు? అక్కడ వేడి ఎక్కువ ఉంటుందని మీకు తెలుసు కదా?"

"తెలుసు సార్."

"మరి అక్కడే ఎందుకు?"

"అక్కడ మనిషి నిలబడుతుంది కాబట్టి. మీ వరండాలో ఎవరు నిలబడుతున్నారు సార్? థర్మామీటరు ఒక్కటే."

గుమాస్తా రాయడం ఆపి నా వైపు చూశాడు. ఆయన తర్వాత ప్రశ్న అడిగాడు, ఆ తర్వాతది అడిగాడు. మూడోదానికి కోటు విప్పాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకోగానే మళ్ళీ మసకేసింది. గుమాస్తా చెమట కాగితం మీద పడి సిరా పాకింది. మేనేజరు తలుపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"కూర్చోవడానికి ఏమైనా..." అన్నాడు ఆయన.

"ఇక్కడ కుర్చీలుండవు సార్."

"సరే, మిగతాది గదిలో మాట్లాడుకుందాం."

"ఎందుకు సార్?"

"ఇక్కడ... కాస్త ఇబ్బందిగా ఉందమ్మా."

"ఆ మాట రాయించండి. విచారణాధికారికి ఇరవై నిమిషాలకే ఇబ్బందిగా ఉంది అని. రాశాక వేలిముద్ర వేస్తాను."

ఆయన థర్మామీటరు వైపు చూశాడు. నలభై ఏడు. గుమాస్తా రాశాడో లేదో నాకు తెలియదు, పెన్ను మాత్రం కదిలింది.

అప్పుడు కిందటేటి కాగితం సంగతి చెప్పాను. ఆయనకు చెబుతున్నట్టే నిలబడ్డాను గానీ చెప్పింది నాలుగో బల్లకే. "ఆ రోజు పిచ్చుక తినకుండా రాలేదు. నా డబ్బాలో తింది. జబ్బు లేదు. కళ్ళు తిరుగుతున్నాయి అంది, ఇంకో ఇరవై దుప్పట్లు చేయమన్నది నేను. కాగితం చదివి వినిపించారు. తెలిసే వేలు వేశాను. అది అబద్ధం. ఆ వేలు వెనక్కి తీసుకుంటున్నాను."

ఆ పిల్ల చేతిలో పెట్టె ఆగిపోయింది. దుప్పటి కాలిన వాసన వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ హాల్లో ఒక్క దుప్పటి కాలలేదు. పెట్టె నిలబెట్టి, నా పక్క నుంచే, నన్ను చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

మా వాడి కాగితం జేబురుమాల్లో ఉంది. మేనేజరు ముందే చింపాను. చిన్న ముక్కలుగా చింపాలనుకున్నాను గానీ మందపు కాగితం, రెండే ముక్కలైంది.

మే 19, ఆదివారం

మా వాడు మాట్లాడటం లేదు. నా మందుబిళ్ళలు మాత్రం తెచ్చి గడియారం కింద పెట్టాడు.

మే 24, శుక్రవారం

ఉత్తరం వచ్చింది. నన్ను పూర్తిగా తీసేశారు. చెల్లి గొంతు తగ్గించి చదివింది, మెల్లగా చదివితే తగ్గుతుందన్నట్టు. థర్మామీటరు వల్ల అపోహలు వస్తున్నాయి కాబట్టి దాన్ని కూడా తీసేసి సొరుగులో పెట్టారట. మా ఇద్దరి ఉద్యోగం ఒకే రోజున పోయింది. మా వాడి వ్యాను ఉంది, ఇంకా.

సాయంత్రం పిచ్చుక కూతురు వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం అవతలే నిలబడింది.

"ఏం తింది?"

"రొట్టెలు. రెండు. మూడోది అడిగితే ఇచ్చాను."

"మొత్తం తిందా?"

"చేతులు కూడా నాకింది."

నేను క్షమించు అనలేదు. అలా అడిగితే తనకు ఇంకో పని పెట్టినట్టు అవుతుంది. చివరికి, "నీ కొవ్వొత్తి ముక్క ఉందా?" అంది.

గుడ్డతో సహా ఇచ్చాను. బొటనవేలంత ఉంది. తీసుకుని వెళ్ళిపోయింది. పెద్దమ్మా అని పిలవలేదు.

మే 27, సోమవారం

లాండ్రీ వెనక వీధిలో, హాలు గోడకు ఎదురుగా, టీ కొట్టు బల్ల ఉంది. పన్నెండు నుంచి అక్కడే కూర్చున్నాను. చెల్లి గొడుగు పట్టుకుని పక్కనే కూర్చుంది, నాకు పిచ్చి అంటూనే. కొట్టాయన, "ఈ ఎండలో ఏం పని పెద్దమ్మా, ఇంటికి పొండి" అన్నాడు. ఇక్కడ కాస్త చల్లగానే ఉందని చెప్పాను.

గోడ అవతల పెట్టెలు బుసకొడుతున్నాయి. పదమూడూ విడివిడిగా తెలుస్తాయి నాకు.

ఒంటి గంటకు పది నిమిషాలు ఉందనగా ఒకటి ఆగింది. గోడ మూల దగ్గరది. నాలుగోది. కాసేపటికి దాని పక్కది, నాది. తర్వాత వరసగా మిగతావి. చివరిది ఒక్కటీ ఇంకొంచెంసేపు నడిచి, అది కూడా ఆగింది. వీధంతా చెవులు మూసుకున్నట్టు అయింది.

తర్వాత కిటికీ చెక్క మీద దెబ్బలు. ఒకటి, రెండు, అయిదు. మేకులు ఊడి వీధిలో పడ్డాయి. రెక్క తెరుచుకుంది. లోపలి వేడి ఆవిరి వచ్చి మా మొహాలకు తగిలింది, చెల్లి గొడుగు అడ్డం పెట్టుకుంది. లోపల నుంచి మేనేజరు అరుపు స్పష్టంగా వినిపించింది.

"ఏమిటిది? ఎవరు ఆపమన్నారు? ఏమైంది?"

పిచ్చుక కూతురి గొంతు. అచ్చం తల్లిదే.

"కొవ్వొత్తి వంగింది సార్."